తెర వెనక సాక్షులు

బుధవారం పాఠం ముగిసి ఆడవాళ్ళంతా చెప్పులేసుకుని వెళ్ళిపోయాక కూడా గులసల్ కదల్లేదు. తాగిన టీ గిన్నెలన్నీ పోగేసుకుని, పెరట్లో కాలవ గట్టున కూర్చుని ఒక్కొక్కటే తోముతోంది. కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతోందని హోసియత్ గమనించింది. గమనించి, మల్బరీ చెట్టు కింద పరిచిన దుప్పటి మీద పళ్ళు ఏరుతూ కూర్చుంది. ఊరికే గిన్నెలు తోమే ఆడదాన్ని అరవై ఆరేళ్ళలో ఆమె ఒక్కదాన్నీ చూడలేదు.

చిల్‌అరిక్ పేటలో ఆమెను అందరూ ఓతిన్ ఓయి, అంటే పంతులమ్మ, అని పిలుస్తారు. ఆడవాళ్ళకు ఖురాన్ చదవడం నేర్పేది, పురుళ్ళకూ చావులకూ ముందుండి దువా చేసేది ఆమే. పేటలో ఏ ఇంటి గుట్టయినా ఆమె చెవిన పడకుండా పోదు. పడ్డది బయటికి రాదనీ పేరు.

"ఓతిన్ ఓయీ, ఒక సందేహం అడగనా?"

"అడగడానికేగా ఆ గిన్నె అరగదీస్తున్నావు. అడుగు."

గులసల్ తలెత్తకుండానే అంది. "నిఖా జరిగేటప్పుడు సాక్షులిద్దరూ తెర వెనక ఉంటే, వాళ్ళెవరో పెళ్ళికూతురికి తెలియకపోతే, ఆ నిఖా చెల్లుతుందా?"

హోసియత్ వేళ్ళ మధ్య పండు చితికి ఊదారంగు రసం మణికట్టు దాకా కారింది.

"ఎవరి నిఖా?"

"ఊరికే అడిగాను."

"ఊరికే అడిగేవాళ్ళకు తెర సంగతి ఎందుకొస్తుందే? లే. ఇటొచ్చి కూర్చో."

గులసల్‌కి ఇరవై ఆరేళ్ళు. మొగుడు తుర్గున్ రెండేళ్ళ క్రితం రష్యా వెళ్ళి యెకతెరిన్‌బుర్గ్‌లో ఇళ్ళు కట్టే పనిలో కుదిరాడు. ఈమె అత్త ఇనాబత్ దగ్గరే ఉండి టోపీలు కుట్టుకుంటోంది. చలికాలంలో మంచు బాగా పడ్డ ఒక రోజు మసీదు ఇమాము మీర్‌ఫాజిల్, అందరూ గౌరవంగా దోమ్లా అనే మనిషి, ఆమెను పిలిపించాడట. తుర్గున్ ఫోను చేసి మూడుసార్లు తలాక్ అన్నాడనీ, ఆ కబురు భార్యకు చేర్చమన్నాడనీ చెప్పాడట. అత్తకు ఇప్పుడే చెప్పొద్దు, ముసలిది గుండె పగిలి చస్తుంది, తలాక్ తర్వాతి గడువు రోజులు గుట్టుగా గడుపు, తర్వాత నేనే చూసుకుంటానన్నాడట.

"మరి మొగుడు ఫోను చేస్తూనే ఉన్నాడుగా?"

"చేసేవాడు. అత్త ముందు ఒక్క మాట, రెండు మాటలు. ఒంటరిగా మాట్లాడొద్దు, పరాయివాడయ్యాడు అన్నారు దోమ్లా. అందుకని నేనే ఫోను అత్తకిచ్చేసేదాన్ని. అతనికీ మనసు విరిగిందనుకున్నాను."

ఆప్రికాట్ పూలు రాలే వేళకి గడువు తీరింది. దిక్కులేని వయసు ఆడది ఊరికి ప్రమాదం, నా నిఖాలో ఉండు అన్నాడు దోమ్లా. మొదటి భార్య జబ్బుమనిషి గనక కొన్నాళ్ళు రహస్యంగా ఉండాలన్నాడు. అతను చదువుకునే గదిలోనే ఆ నిఖా జరిగింది. ఆకుపచ్చ తెర అవతల రెండు గొంతులు "విన్నాం, సాక్షులం" అన్నాయి. ఆ తర్వాత మంగళవారం మంగళవారం, దువా చదివి ఊదించుకునే వంకతో ఆమె అక్కడికి వెళ్ళి వస్తూనే ఉంది.

"నిన్న తుర్గున్ ఫోను చేశాడు. అత్త నీళ్ళకి వెళ్ళింది. కుర్బాన్ పండక్కి వస్తున్నా గులా, నీకేం తెమ్మంటావు అన్నాడు." ఆమె ఓతిన్ ఓయి వైపు తిరిగింది. "తలాకిచ్చిన వాడు నీకేం తెమ్మంటావు అంటాడా ఓయీ? నేనిప్పుడు ఎవరి పెళ్ళాన్ని?"

హోసియత్‌కి మొదట పుట్టింది జాలి కాదు, అనుమానం. మొగుడు వస్తున్నాడు, తప్పు బయటపడే రోజు దగ్గరకొచ్చింది. ఎవరి మీదైనా తోసెయ్యాలి, పెద్దవాడి మీద తోస్తే బరువుగా ఉంటుంది. ఈ పిల్ల సంతలో పకపకా నవ్వుతుందని నలుగురూ అనుకోవడం ఆమె విన్నదే.

"ఎన్నో నెల?" అంది సూటిగా.

గులసల్ ముఖం పాలిపోయింది. "లేదు ఓయీ. అల్లా ఆ ఒక్క మేలు చేశాడు." లేచి, తడి చేతులు గౌనుకి తుడుచుకుంది. "మీరు నమ్మరని తెలుసు. కానీ ఆయన మీ మాట ఒక్కటే వింటాడంటారుగా."

అవును, వింటాడు. మీర్‌ఫాజిల్‌ని తయారుచేసింది ఆమే. ప్రార్థన చేసినా సర్కారు నేరమనే ఆ పాత రోజుల్లో, కిటికీలకు బొంతలు కట్టి, వెనక గదిలో ఎనిమిదేళ్ళ పిల్లాడికి అక్షరం నేర్పింది. పెద్దయ్యాక వాడు ఇమాము అయిన రోజున వీధి వీధంతా హల్వా పంచింది. సొంత బిడ్డలు లేని ఆమెకు, నా చేతి మీద పెరిగిన పిల్లాడు అని చెప్పుకోవడమే పుత్రోత్సాహం. ఈ టోపీలు కుట్టే పిల్ల మాట పట్టుకుని దాన్ని వదులుకోవడమా?

అయినా ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆ తెర ఎలాంటిదో ఆమెకు తెలుసు. ఆకుపచ్చదే.

మర్నాడు యాకూబ్ ఆకా రొట్టెల కొట్టుకు వెళ్ళింది. అతను మసీదు పెద్దల సంఘానికి పెద్ద. పేరు ఎత్తకుండా, ఇలా ఒక ఆడకూతురు అంటోందని చెప్పీ చెప్పకుండా చెప్పింది. యాకూబ్ పొయ్యిలోంచి రొట్టె లాగే కొక్కెం పక్కన పెట్టాడు.

"నలుగురు సాక్షులున్నారా?"

"ఉంటే నీ దగ్గరికెందుకొస్తాను?"

"లేకపోతే ఆ మాటన్న నోటికి ఎనభై కొరడా దెబ్బలు. నాకు చెప్పాలా ఆపా, మీరే మా ఆవిడకు నేర్పారు." గొంతు తగ్గించాడు. "ఇది ఆ పిల్ల మాట కాదు. సాబిర్ మాట. పోయిన నెల మసీదు చెప్పుల గూట్లో పేరు లేని కాగితం ఒకటి దొరికింది. ఇదే పాట. సాబిర్‌కి ఇమాము గద్దె మీద కన్ను. పదేళ్ళుగా అజాన్ ఇస్తున్నా, ఇంకా ఊడ్చుకుంటూనే ఉన్నానని కుళ్ళు. గులసల్ వాడి భార్యకి అక్క కూతురు. తెలుసా?"

"నేను గులసల్ అనలేదే."

యాకూబ్ కొక్కెం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "పేటలో రష్యా మొగుడున్న అందగత్తె ఇంకెవరు? ఊహించాను."

ఊహించాడా, ముందే విన్నాడా? దారి పొడుగునా హోసియత్ అదే ఆలోచన. మసీదు ముందు సాబిర్ చీపురుతో ఎండుటాకులు ఊడుస్తున్నాడు. సన్నగా, కొంగలాగా ఉంటాడు.

"రొట్టెల కొట్టుకెళ్ళి రొట్టె లేకుండా వస్తున్నారేం ఓతిన్ ఓయీ?" అన్నాడు నవ్వుతూ.

"పళ్ళు లేవు, నమల్లేక."

"అవునవును. కొన్ని నమల్లేం, మింగలేం." చీపురు ఆపలేదు. ఆమె మలుపు తిరిగేదాకా వాడి చూపు వీపుకి తగులుతూనే ఉంది. వీడే, అనుకుంది. ఇదంతా వీడు అల్లిన వలే. అలా అనుకోగానే ప్రాణానికి ఎంత హాయిగా ఉందో చూసి, ఆ హాయి మీదే ఆమెకు అనుమానమొచ్చింది.

సాయంత్రం ప్రార్థన అయ్యాక నేరుగా మీర్‌ఫాజిల్ ఇంటికి వెళ్ళింది. అతను ఎదురొచ్చి, చెయ్యి పట్టుకుని, పరుపు మీద పై చోటున కూర్చోబెట్టి, తనే టీ పోశాడు. నలభై దాటినా నున్నటి ముఖం, తేనె లాంటి గొంతు. ఆకుపచ్చ తెర పక్కకి లాగి ఉంది. అవతల చిన్న గది, పుస్తకాలు, ఒక పీట.

"ఉస్తాద్, మీ ముఖం బాగాలేదు. గులసల్ వచ్చిందా?"

ఆమె టీ గిన్నె అందుకుంది.

"మీ దగ్గరికే ముందొచ్చింది, మేలు. వేరే చోటికి పోతే పిల్ల బతుకు అల్లరయ్యేది." నిట్టూర్చాడు. "తుర్గున్ నాకు ఫోను చేసిన మాట నిజం. తాగి ఉన్నాడు, ఏడుస్తున్నాడు. తలాక్ అన్నాడు. తెల్లారితే మర్చిపోయి ఉంటాడు. మత్తు దిగాక మనసు మారుతుందేమోనని అత్తకి చెప్పకుండా ఆగాను. అది నా తప్పు, ఒప్పుకుంటాను. ఇకపోతే నిఖా... ఆ పిల్లే అడిగింది ఉస్తాద్. మీ నీడలో ఉంటానంది. వద్దమ్మా అన్నాను. ఆ రోజు నుంచి పగబట్టింది."

"నువ్వు నిఖా చేసుకోలేదు?"

"మీరు నేర్పిన గ్రంథం మీద చెయ్యి పెట్టి చెబుతాను. అందరి ముందూ చెబుతాను."

అన్నీ అతికినట్టు సరిపోయాయి. ఆమె మనసు తేలికపడి, సెలవు తీసుకుని లేచింది. వీధి చివరిదాకా వచ్చాక మాత్రం ఒక ముల్లు గుచ్చుకుంది. ఒక్క ప్రశ్నకైనా వాడు తడుముకోలేదే. అమాయకుడి మీద నింద పడితే తడబడతాడు, మండిపడతాడు, ఏడుస్తాడు. వీడు పాఠం అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు. పాఠం అప్పజెప్పేటప్పుడు వాడెలా ఉంటాడో ఆమెకంటే ఎవరికి తెలుసు?

తేలాల్సింది ఒక్కటే. తుర్గున్ ఫోను చేశాడా లేదా? కానీ తుర్గున్‌ని ఎలా అడగడం? నీ పెళ్ళానికి తలాకిచ్చావా అని అడిగితే, ఇవ్వనివాడు ఎందుకడిగారంటాడు. అక్కడి నుంచి నిప్పు ఎంతసేపు పాకుతుంది?

మోకాళ్ళ నొప్పికి రష్యా మందు తెప్పించుకోవాలని చెప్పి ఇనాబత్ దగ్గర నంబరు అడిగింది.

"మన వీధి నుంచి యాభైమంది ఉన్నారక్కడ. మావాడే గుర్తొచ్చాడా?" అంది ఇనాబత్ కళ్ళు చిన్నవి చేసి.

"నీ కొడుకు మంచివాడని చెప్పుకుంటే విందామని వచ్చాను. వద్దంటే యాభైమందిలో ఒకణ్ణి అడుగుతాలే."

నంబరు దొరికింది. శనివారం మధ్యాహ్నం, తన గదిలో తలుపేసుకుని ఫోను చేసింది. అవతల సుత్తుల మోత. తుర్గున్ పరిగెత్తుకుంటూ ఎక్కడికో పక్కకి వచ్చినట్టున్నాడు, ఆయాసపడుతున్నాడు. మందు పేరు రాసుకున్నాడు, రెండు డబ్బాలు తెస్తానన్నాడు.

"దోమ్లా నీ గురించి చెప్పాడు బాబూ," అంది హోసియత్ తాపీగా. "చలికాలంలో నువ్వు ఫోను చేశావట కదా."

"నేనా? లేదు ఓయీ. ఆయనే చేశారు. ఇమాము గారే స్వయంగా ఫోను చేస్తే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి నాకు."

ఆమె గోడకి చేరగిలబడింది. "అలాగా. ఏమన్నాడు?"

"ఆరోగ్యం అడిగారు. ఈ ఏడాది వస్తావా, పైయేడా అన్నారు. ఇంకో రెండేళ్ళు రాలేనేమో అన్నాను అప్పుడు. గులసల్‌కి తరచూ ఫోను చేస్తావా అని కూడా అడిగారు. కుటుంబాల గురించి అంత పట్టించుకునే మనిషి..." ఆగాడు. సుత్తుల మోత కూడా ఆగినట్టు అనిపించింది ఆమెకు. "ఎందుకడుగుతున్నారు ఓయీ? ఇంట్లో అంతా బాగేనా? గులా బాగుందా?"

"బాగుంది. పరదేశంలో ఉన్నవాళ్ళ పేర్లు రాసి దువా చేయిద్దామని. అంతే."

జీవితంలో అంత తేలిగ్గా అబద్ధం వస్తుందని ఆమె అనుకోలేదు. మీర్‌ఫాజిల్ ఫోను చేసి కనుక్కున్నాడు. కాపలా లేని ఇల్లు ఏదో, ఎన్నాళ్ళు ఉండదో కనుక్కున్నాడు. కంచే చేను మేస్తోంది.

అలాంటివాడు ఒక్క చేనుతో ఆగుతాడా? తన బుధవారం పాఠానికి రావడం మానేసిన వాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే తలుచుకుంది. ముఅత్తర్ దగ్గర ఆగింది. మూడేళ్ళ క్రితం, మొగుడు రష్యాలో ఉండగానే, చెప్పాపెట్టకుండా పుట్టింటికి వెళ్ళిపోయింది. గయ్యాళి, అత్తతో పడలేదు అన్నారు. హోసియత్ కూడా అన్నది.

ఆదివారం వ్యానెక్కి గంట ప్రయాణం చేసి ఆ పల్లెకు వెళ్ళింది. ముఅత్తర్ ఆవుకి గడ్డి వేస్తోంది. ఓతిన్ ఓయిని చూసి సలాం చెప్పింది గానీ లోపలికి రమ్మనలేదు.

"ఎవరైనా చచ్చారా?"

"లేదు."

"మరి ఎందుకొచ్చారు ఇంత దూరం?"

హోసియత్ ఎలా మొదలుపెట్టాలో తెలియక, దోమ్లా పేరెత్తి, ఒక పిల్ల ఏదో అంటోందనీ, నిజమో అబద్ధమో తెలియడం లేదనీ నసిగింది. ముఅత్తర్ చేతిలో గడ్డిమోపు కింద పడేసింది.

"తెర వెనక రెండు గొంతులు వినపడ్డాయందా?"

హోసియత్ తల ఊపింది.

"నేను తెరెత్తి చూశాను ఓయీ. ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు. సాక్షులకి టీ ఇద్దామని, పిచ్చిదాన్ని. అక్కడ మనుషుల్లేరు. పీట మీద ఫోను ఉంది. అందులో పలికించాడు గొంతులు."

గులసల్‌కి ఎవరూ చెప్పి ఉండరు. మూడేళ్ళ నుంచి ముఅత్తర్ ఆ పేట ముఖం చూడలేదు. ఇద్దరు ఆడవాళ్ళు కూడబలుక్కుని చెప్పగలిగే అబద్ధం కాదిది.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదే తల్లీ?"

"ఎవరికి? పోలీసులకా? ఆ గదికి ఎందుకెళ్ళావని ముందు నన్నడుగుతారు. మీకా?" నవ్వింది, ముఖంలో నవ్వు లేదు. "చెప్పబోయాను. గుర్తులేదు మీకు. పాఠం అయ్యాక, దోమ్లా తప్పు చేస్తే ఎవరికి చెప్పాలి ఓయీ అన్నాను. అనుమానం పాపం, నోరు కడుక్కో అన్నారు. అందరి ముందూ అన్నారు. నా చేతి మీద పెరిగిన పిల్లాడు అన్నారు."

నిజంగానే గుర్తులేదు. తను చాలామందితో చాలాసార్లు అన్న మాటే అది. హోసియత్ నోట క్షమాపణ రాలేదు. ముఅత్తర్ కాళ్ళ దగ్గర పడ్డ గడ్డిమోపు వంగి ఎత్తి, ఆవు ముందు వేసింది. బయల్దేరేటప్పుడు ముఅత్తరే వెనక నుంచి అంది. "అర్జీ పెడితే కాగితం మీద నా పేరు రాయొద్దు. ఇమాముల మీద పెద్ద జిల్లా కాజీ, ఆయన ముఖాముఖి అడిగితే మాత్రం చెబుతాను."

సోమవారం సాయంత్రం మసీదు టీ గదిలో పెద్దల సంఘం కూర్చుంది. మాట ఎలాగో పొక్కింది. దోమ్లాయే పొక్కించి ఉంటాడని హోసియత్ అనుమానం. తనే సభ కోరాడట, నా మీద మచ్చ ఉండగా మీ ముందు నిలబడి నమాజు చేయించలేను అన్నాడట. ఆరుగురు పెద్దలు, టీ పోస్తూ సాబిర్, నడుమ దోమ్లా, అతని ముందు బట్టలో చుట్టిన గ్రంథం. పిలవని హోసియత్ వచ్చి గుమ్మం పక్కన కూర్చుంది.

"ఆపా, ఇది మగవాళ్ళ సభ," అన్నాడు యాకూబ్.

"మగవాళ్ళు మాట్లాడండి. నేను వింటాను."

మాట్లాడటానికి పెద్దగా ఏమీ లేదు. ఆయన ప్రమాణం చేస్తాడు, అంతటితో నోళ్ళు మూతపడతాయి, ఆ తర్వాత ఎవరైనా ఎత్తితే నింద మోపిన పాపం వాళ్ళది. మీర్‌ఫాజిల్ కళ్ళు మూసుకుని, బట్ట విప్పి, కుడి చెయ్యి చాచాడు.

"చెయ్యి తియ్యి మీర్‌ఫాజిల్."

పన్నెండేళ్ళలో దోమ్లా అనే మాట లేకుండా అతని పేరు ఆ గదిలో ఎవరూ పలకలేదు. చాచిన చెయ్యి గాల్లోనే ఆగింది.

"నేను నీ మీద ఏ నిందా వెయ్యలేదు," అంది హోసియత్. "నలుగురు సాక్షులు కావాల్సిన మాట నా నోట రాలేదు, రాదు. ఏ ఆడకూతురి పేరూ నేనెత్తను. అలాంటప్పుడు దేని మీద ప్రమాణం? నేనొక చిన్న ప్రశ్న అడుగుతాను. రష్యాలో ఉన్న మగవాళ్ళ తలాక్ కబుర్లు నీ ద్వారా వస్తున్నాయిగా. వాళ్ళు నీకు ఫోను చేస్తారా, నువ్వు వాళ్ళకు చేస్తావా?"

"వాళ్ళే చేస్తారు ఉస్తాద్. నేనెందుకు చేస్తాను?"

"ఎప్పుడూ చెయ్యలేదు?"

రెప్పపాటు ఆలస్యం. ఆమె ఎదురుచూసిన తడబాటు అదే. "క్షేమం కనుక్కోవడానికి ఎప్పుడైనా చేసి ఉండొచ్చు. మందను కనిపెట్టుకోవడం కాపరి ధర్మం."

"మంచిదే. తప్పని ఎవరన్నారు?" ఆమె పెద్దల వైపు తిరిగింది. "మీ ఆరుగురి ఇళ్ళలోనూ రష్యాలో కొడుకో అల్లుడో ఉన్నాడు. ఇంట్లో కోడలో కూతురో ఉంది. మీ జేబుల్లో ఫోన్లున్నాయి. దోమ్లా ఎప్పుడైనా ఫోను చేశాడా, చేసి ఏమడిగాడు అని మీ వాళ్ళనే అడగండి. నన్ను నమ్మొద్దు."

ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోవడానికి కూడా పెద్దలు జంకారు. అప్పటిదాకా పక్కింటి సంగతి, ఇప్పుడు అది తమ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఆడదాని మాట పట్టుకుని..." అని ఒక పెద్దాయన మొదలుపెట్టి, మధ్యలోనే ఆపేశాడు. అతని చెయ్యి అప్పటికే జేబులో ఉంది.

ముందు లేచింది యాకూబ్. బయటికి వెళ్ళాడు. కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నాడు, కాలవ వెంబడి అటూ ఇటూ నడుస్తూ, ఒక చెవి మూసుకుని. లోపల ఎవరూ టీ ముట్టలేదు. సాబిర్ కూజా పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు.

యాకూబ్ తిరిగొచ్చాడు. కూర్చోలేదు.

"మావాడికి చలికాలంలో ఒకసారి చేశారట. పోయిన నెల ఇంకోసారి. ఎప్పుడొస్తావని అడిగారట." దోమ్లా వైపు తిరిగాడు. "నా కోడలికి రోజూ ఫోను చేస్తావా, వారానికోసారా అని అడిగారట. దోమ్లా, నా ఇంటి ఎదురుగా ఉంటారు మీరు. వాడెప్పుడొస్తాడో నన్నడిగితే నేను చెప్పనా?"

"మా అల్లుడికీ చేశాడు," అన్నాడు మూల కూర్చున్న ముసలాయన నెమ్మదిగా. "నేను గొప్పగా చెప్పుకున్నాను నలుగురికీ."

మీర్‌ఫాజిల్ గ్రంథాన్ని మళ్ళీ బట్టలో చుట్టాడు. మడత మీద మడత, అంచుకి అంచు కలిపి. "సైతాను మీ మధ్య దూరాడు," అన్నాడు అదే తేనె గొంతుతో. "అల్లా మిమ్మల్ని క్షమించుగాక." గుమ్మం దగ్గర హోసియత్‌ని చూడకుండా దాటి వెళ్ళాడు. తప్పు చేశానని ఆ రోజూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు.

పెద్దలు చెమటలు తుడుచుకుని, ఒంట్లో బాగాలేక మానుకున్నాడని చెబుదాం, గుట్టుగా పంపేద్దాం అన్నారు.

"పంపేస్తే ఎక్కడికి పోతాడు?" అంది హోసియత్. "ఇంకో పేట మసీదుకి. అక్కడ రష్యా మొగుళ్ళు లేరా?"

జిల్లా కాజీకి అర్జీ ఆమే రాసింది. తన పేరు పెద్ద అక్షరాలతో పెట్టింది. ఆరుగురిలో ముగ్గురే సంతకం చేశారు. యాకూబ్ చేశాడు, కానీ ఆమెతో చాలాకాలం మాట్లాడలేదు. ఆ సాయంత్రమే ఇంటికెళ్ళి కోడల్ని ఏమడిగాడో, ఆ పిల్ల ఏమందో ఎవరికీ తెలియదు. వారం తిరక్కుండా వాళ్ళ కొడుకు ఉన్నపళంగా దిగాడు.

సాబిర్ అడక్కుండానే సంతకం చేశాడు. "చెప్పుల గూట్లో కాగితం నువ్వే పెట్టావా?" అని అడిగింది హోసియత్.

"పెట్టాను."

"పేరెందుకు రాయలేదు?"

"రాస్తే నమ్మేవారా మీరు?"

నమ్మేది కాదు. కానీ వాడి కళ్ళల్లో మెరిసింది న్యాయమో, ఖాళీ కాబోయే గద్దెయో ఆమె తేల్చుకోలేకపోయింది. శుక్రవారం నుంచి నమాజు చేయించింది సాబిరే. గొంతు బాగాలేదు, మధ్యలో తప్పులు కూడా. ఆమె మాత్రం ఆ గొంతు వెనక ఇంకేముందోనని చెవి ఒగ్గి వినడం మానలేకపోయింది.

కాజీ కార్యాలయం రెండు నెలలు తీసుకుంది. అక్కడి ఒక ఆడమనిషి ముఅత్తర్‌నీ గులసల్‌నీ విడివిడిగా పిలిచి తలుపేసి విన్నది. ఇంకో పేట నుంచి ఎవరో మూడో ఆవిడ కూడా వచ్చిందట, ఆమె ఎవరో హోసియత్ అడగలేదు. చివరికి ఒక్క కాగితం వచ్చింది. మీర్‌ఫాజిల్ ఇకపై ఏ మసీదులోనూ ఇమాముగా ఉండకూడదు. అంతే, కారణం రాయలేదు. అతను ఇల్లు తాళం పెట్టి వెళ్ళిపోయాడు. పేటలో సగంమంది ఇప్పటికీ అతను అమాయకుడనే అంటారు. హోసియత్ బుధవారం పాఠానికి ముప్ఫైమంది వచ్చేవాళ్ళు, ఇప్పుడు పదకొండు మంది. కన్నబిడ్డ లాంటివాణ్ణి పొట్టన పెట్టుకున్న మనిషి దగ్గర ఏం నేర్చుకుంటాం అన్నదట ఒకావిడ.

గులసల్‌కి ఆమె మొదటే స్పష్టంగా చెప్పేసింది. "మొగుడు తలాకివ్వలేదు, నీ పెళ్ళి చెక్కుచెదరలేదు. తెర వెనక మనిషే లేడు గనక రెండో నిఖా నిఖాయే కాదు. మోసపోయినదానికి పాపం అంటదు. ఇక ఈ మాట ఇద్దరం గోతిలో పాతేద్దాం. తుర్గున్‌కి చెప్పకు."

"మీరు అలాగే అంటారు," అంది గులసల్. కోపం లేదు ఆ మాటలో. "గుట్టు, గుట్టు అంటూనే కదా ఓయీ ఆయన నన్ను అక్కడిదాకా తీసుకెళ్ళింది. నేను చెబుతాను."

చెప్పింది, ఫోనులోనే. పదకొండు రోజులు తుర్గున్ నుంచి మాట లేదు. పండక్కి నాలుగు రోజుల ముందు దిగాడు. ఇంటికంటే ముందు హోసియత్ ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి, మోకాళ్ళ మందు రెండు డబ్బాలు అరుగు మీద పెట్టాడు. ఎండకి నల్లబడ్డ ముఖం, గడ్డం పెరిగి ఉంది.

"ఆ రోజు ఫోనులో అబద్ధం చెప్పారు నాకు."

"చెప్పాను."

"గులా, మీరూ ఇప్పుడు చెప్పేది నిజమని ఎలా తెలుస్తుంది?"

ఆమె మందు డబ్బాలు దగ్గరికి తీసుకుంది. "తెలియదు బాబూ. దోమ్లా నీకు ఫోను చేశాడా లేదా అన్నది ఒక్కటీ నీకు తెలుసు. అక్కడి నుంచి మొదలుపెట్టు."

అతను వెనుదిరిగి ఇంటికి వెళ్ళాడు. ఆ ఇంట్లోంచి అరుపులు వినపడలేదు. ఇనాబత్ మాత్రం రెండు రోజులు పొయ్యి వెలిగించలేదని తెలిసింది. పండగ వెళ్ళిన మూడోవారం గులసల్ సంచీ సర్దుకుని, మొగుడితోపాటు యెకతెరిన్‌బుర్గ్ బయల్దేరుతూ సెలవు చెప్పడానికి వచ్చింది. అక్కడ ఒక హోటల్లో గిన్నెలు కడిగే పని చూశాడట. తుర్గున్ వీధిలో వ్యాను పక్కనే నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

"నమ్మాడా?" అని అడిగింది హోసియత్ గొంతు తగ్గించి.

గులసల్ వీధి వైపు చూసింది. మొగుడు ఆమె సంచీ వ్యానులోకి ఎక్కించి, అది దొర్లిపోకుండా చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"కొన్ని రోజులు నమ్ముతాడు ఓయీ," అంది. "కొన్ని రోజులు నమ్మడు. నమ్మని రోజున నా వైపు చూడడు, కానీ అన్నం మాత్రం నేను వడ్డించేదాకా తినడు." దుప్పట్టా సర్దుకుని, ముసలామె చేతులు రెండూ కళ్ళకద్దుకుని వెళ్ళిపోయింది.